శిబిరం నుంచి వచ్చి ఐదు నెలలు, ఇప్పుడు కూర్చోలేకపోతున్నాను

కృష్ణ ఒడ్డు (విజయవాడ)
సోమవారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇక్కడ మీరు రాసేవన్నీ చాలాకాలంగా చదువుతున్నాను. నేను రాయడం ఇదే మొదటిసారి.

శ్రావణంలో నాగార్జునసాగర్‌లోని ధమ్మ నాగజ్జున కేంద్రంలో పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరం చేశాను. తెల్లవారుజామున నాలుగింటికి గంట, నాలుగున్నరకు ధ్యానం, పదకొండింటికి భోజనం, రాత్రి తొమ్మిదింటికి ముగింపు. తొమ్మిది రోజులు ఎవరితోనూ మాట లేదు. పదకొండో రోజు పొద్దున బస్సెక్కేటప్పుడు ఈ సాధన ఇక నన్ను వదలదనే అనుకున్నాను. ఇంటికి వచ్చాక రెండు నెలలకు పైగా ఉదయం గంట, సాయంత్రం గంట తప్పలేదు. వంటింటి పక్క గదిలో చాప వేసుకుని, పాలవాడు వచ్చేలోపు లేచేదాన్ని.

కార్తీకంలో నాన్నగారు పోయారు. చివరి రాత్రి నేనే పక్కన ఉన్నాను. కర్మలన్నీ అయ్యాక, చుట్టాలంతా వెళ్ళిపోయాక, ఒక తెల్లవారుజామున మళ్ళీ చాప పరిచాను. ముక్కు దగ్గర శ్వాసను గమనించబోతే, ఆ రాత్రి నాన్న గొంతులో గుర్రుగుర్రుమన్న ఊపిరే వినిపించింది. నా శ్వాస, ఆయన శ్వాస ఒకటే అయిపోయాయి. ఐదు నిమిషాల్లో లేచిపోయాను. ఆ తర్వాత మూడుసార్లు ప్రయత్నించాను. మూడుసార్లూ అదే. అప్పటినుంచి చాప చుట్టి తలుపు వెనక పెట్టింది పెట్టినట్టే ఉంది.

మా ఊళ్ళో ఆదివారం ఉదయం పాత సాధకులు ఒకరి ఇంట్లో కలిసి కూర్చుంటారు. ఇదివరకు రెండుసార్లు వెళ్ళాను. ఇప్పుడు వెళ్ళడానికి మొహం చెల్లడం లేదు. రోజూ సాధన చేసేవాళ్ళ మధ్య మానేసినదాన్ని ఎలా కూర్చోను? మా అత్తగారితో చెబితే, "పోనీలేమ్మా, సన్యాసం పుచ్చుకుంటావేమోనని భయపడ్డాను" అన్నారు. ఆవిడ ప్రేమగానే అన్నారు. కానీ నాకు ఇది చెప్పుకునే చోటు ఇంట్లో లేదని అర్థమైంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.


పాత సాధకుడు (హైదరాబాద్)
మంగళవారం, ఉదయం 6:15

అమ్మా, మీ నాన్నగారి సంగతి చదివి మనసు కలుక్కుమంది. పొద్దున ధ్యానం అయ్యాక మీకూ ఆయనకూ మంచి జరగాలని మైత్రి పంపి, ఆ తర్వాతే ఇది రాయడానికి కూర్చున్నాను.

నేను 1994లో వనస్థలిపురం ధమ్మ ఖేత్తలో మొదటి శిబిరం చేశాను. ఐదేళ్ళు ఒక్క పూట వదలలేదు. 1999లో మా పెద్దబ్బాయి రోడ్డు ప్రమాదంలో పోయాడు. మూడేళ్ళు చాప ముట్టుకోలేదు. సాధన అంటేనే కోపం వచ్చేది. ఇంత చేసినా ఏం ఒరిగిందని.

మా బృందంలో ఒక పెద్దాయన ఉండేవారు. లైన్‌మన్‌గా పని చేసి రిటైరయ్యారు. నెలకొక ఆదివారం మా ఇంటికి వచ్చేవారు. మంచినీళ్ళు తాగి, "నేను కాసేపు కూర్చుంటాను. నీకు ఇష్టమైతే కూర్చో, లేకపోతే నీ పని చూసుకో" అనేవారు. ముందు గదిలో గోడవైపు తిరిగి గంటసేపు కూర్చుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయేవారు. ఎందుకు మానేశావని ఏనాడూ అడగలేదు. అబ్బాయి మాట ఎత్తలేదు. నేను పేపరు చదువుకుంటూ ఉండేవాణ్ణి. కొన్నాళ్ళకు ఆ గంటలో పేపరు తిప్పినా అక్షరాలు కనిపించేవి కావు. ఆయన వీపే కనిపించేది. ఒకరోజు పేపరు మడిచి పక్కన కూర్చున్నాను. పది నిమిషాలు. ఆయన కళ్ళు తెరిచి చూడలేదు కూడా.

కాబట్టి మొహం చెల్లదన్న మాట తీసేయండి. ఆదివారం ఆ గదిలో కూర్చునేవాళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు మానేయనివాళ్ళు ఒకరో ఇద్దరో ఉంటారేమో.

సాధన గురించి ఒక మాట. శ్వాస దగ్గరే కల్లోలం ఉన్నప్పుడు దానితో పట్టుదలకు పోవద్దు. అరచేతుల మీద, అరికాళ్ళ మీద ధ్యాస ఉంచి పది నిమిషాలు కూర్చోండి. కళ్ళు తెరిచినా తప్పు లేదు. మీ సహాయక ఆచార్యులకు ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అది వాళ్ళకు భారం కాదు.


ఒంటరి బాటసారి (బెంగళూరు)
మంగళవారం, ఉదయం 9:02

నా మాట కటువుగా అనిపిస్తే మన్నించండి. బృందం, ఆదివారం, పెద్దలు అంటూ మనం ఇంకో కులదైవాన్ని తయారు చేసుకుంటున్నామని నాకు అనిపిస్తుంది. చివరి వర్షావాసంలో, అంటే భిక్షువులు ఒకేచోట గడిపే వానాకాలంలో, జబ్బు పడి లేచిన బుద్ధుడు తన శిష్యుడు ఆనందుడితో ఏమన్నాడు? మీకు మీరే దీపమై, మీకు మీరే శరణమై, వేరే శరణు లేకుండా ఉండండి అన్నాడు. తొమ్మిదేళ్ళుగా ఒంటరిగా కూర్చుంటున్నాను. ఒకప్పుడు ఒక బృందంలో ఉన్నాను. ధ్యానం గంట, ఎవరు ఎన్ని శిబిరాలు చేశారన్న లెక్కలు రెండు గంటలు. బయటకు వచ్చాకే నాకు ఊపిరాడింది.

ఈ సోదరి బాధ ఆవిడ మనసులో ఉంది. దాన్ని చూడవలసిందీ ఆవిడే. పదిమంది మధ్య కూర్చున్నంత మాత్రాన అది పోదు.


నీలి జెండా (ఆదిలాబాద్)
మంగళవారం, మధ్యాహ్నం 1:30

బాటసారి గారూ, మీరు చెప్పిన మాట నిజమే. అదే ఆనందుడు ఇంకోసారి, "భంతే, మంచి స్నేహం ఈ ధమ్మ జీవితంలో సగం" అన్నాడు. "అలా అనకు ఆనందా, సగం కాదు, మొత్తం అదే" అని బుద్ధుడు జవాబిచ్చాడు. రెండూ ఒకే నోటి నుంచి వచ్చాయి. మీకు దెబ్బ తగిలిన చోట మొదటి మాట మందైంది. ఈ అక్కకు ఇప్పుడు రెండోది కావాలేమో.

మా సంగతి చెబుతాను, ఎందుకంటే ఇక్కడ ఎక్కువమంది శిబిరాల దారిన వచ్చినవాళ్ళు. మా తాతగారు 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఉన్నారు. బాబాసాహెబ్ అంబేడ్కర్ వృద్ధ భిక్షువు చంద్రమణి దగ్గర త్రిశరణాలు, పంచశీలాలు తీసుకుని, తరువాత తానే లక్షలమందికి ఇచ్చి, ఇరవై రెండు ప్రతిజ్ఞలు చేయించిన రోజు అది. మా ఇంట్లో ధమ్మం తల ఎత్తుకుని నిలబడటంతో మొదలైంది. కళ్ళు మూసుకుని కూర్చోవడం నా తరానికి వచ్చింది.

మా బస్తీలో చిన్న విహారం ఉంది. రేకుల కప్పు, ఒక బుద్ధ విగ్రహం, పక్కన బాబాసాహెబ్ పటం. ఆదివారం అందరూ తెల్లబట్టల్లో వస్తారు. బుద్ధ వందన, ధమ్మ వందన, సంఘ వందన. వర్షావాసం మూడు నెలలూ రోజూ రాత్రి బాబాసాహెబ్ రాసిన "బుద్ధుడు, ఆయన ధమ్మం" గ్రంథం కొన్ని పేజీలు చదువుతాం. మా ఇళ్ళలో మరాఠీ మాట్లాడతాం కాబట్టి పెద్దలు మరాఠీలో చదివితే, పిల్లల కోసం నేను తెలుగులో చెబుతాను.

పోయిన ఏడాది మా వీధిలో ఒకాయనకు మూత్రపిండాలు దెబ్బతిని వారానికి రెండుసార్లు డయాలసిస్ మొదలైంది. విహారంలో గోడకు ఒక కాగితం అంటించాం. సోమవారం ఎవరు తోడు వెళ్ళాలి, గురువారం ఎవరు, ఆ రోజు వాళ్ళ పిల్లలకు భోజనం ఎవరింట్లో. పద్నాలుగు నెలలుగా ఆ కాగితం మారుతూనే ఉంది, ఒక్క గడీ ఖాళీగా లేదు. నేను ధ్యానం నేర్చుకున్నది నిజానికి ఆ ఆసుపత్రి వరండాలో. నాలుగు గంటలు కూర్చోవాలి, చేసే పని ఉండదు. శ్వాస ఒక్కటే ఉంటుంది.

మనసులో ఉన్న మాట ఒకటి చెబుతాను. శిబిరాలకు వెళ్ళి వచ్చినవాళ్ళు మా విహారం గడప తొక్కరు. బుద్ధుడు కావాలి కానీ, మేము వద్దన్నట్టు ఉంటుంది. ఇక్కడివాళ్ళను ఎవరినీ అనడం లేదు. కానీ ఆ బాధ ఉంది.


పాత సాధకుడు (హైదరాబాద్)
మంగళవారం, రాత్రి 8:50

నాయనా, మీరు అన్నది నాకు తగిలింది, తగలవలసిందే. ముప్పై ఏళ్ళలో నేను అలాంటి విహారంలో కూర్చున్నది రెండే సార్లు. పద్ధతులు కలపకూడదని మాకు చెబుతారు. అది ధ్యానం చేసే విధానం గురించిన మాట. దాన్ని మనుషులతో కలవకుండా ఉండటానికి సాకుగా వాడుకున్నాం. నేనైతే వాడుకున్నాను. ఈ వైశాఖ పూర్ణిమకు ఆదిలాబాద్ రమ్మంటే వస్తాను.


రాతి పలక (గుంటూరు)
మంగళవారం, రాత్రి 9:35

నీలి జెండా గారి ఆఖరి పేరా చదివాక ఒక శాసనం చెప్పకుండా ఉండలేను. అమరావతి స్తూపానికి దానమిచ్చినవాళ్ళలో విధికుడు అనే ఆయన ఉన్నాడు. చర్మకారుడు. ఉపాధ్యాయుడైన నాగుడి కొడుకు. తల్లి, భార్య, సోదరులు, కొడుకు, కూతుళ్ళు, బంధువులు, స్నేహితులతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను ఇచ్చానని రాయించుకున్నాడు. తోలుపని చేసే మనిషి, తన వృత్తి పేరు దాచుకోకుండా, స్నేహితులను కూడా కలుపుకుని ఆ మహాచైత్యం మీద పేరు చెక్కించుకున్నాడు. మన నేల మీద సంఘం అంటే మొదటినుంచీ ఇదే. మీ విహారం గడప తొక్కనివాళ్ళు విధికుడి గడప కూడా తొక్కనట్టే.

శాసనాల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. నాగార్జునకొండలో దొరికిన ఒక శాసనంలో విగతజ్వరాలయం అన్న మాట ఉంది. జ్వరం తగ్గినవాళ్ళు ఉండే చోటు. లోయంతా జలాశయం కింద మునిగిపోయినా ఆ మాట మిగిలింది. మీ గోడ మీది కాగితం చూస్తే నాకు అదే గుర్తొచ్చింది.


రాత్రి డ్యూటీ (విశాఖపట్నం)
బుధవారం, తెల్లవారుజామున 3:20

కృష్ణ ఒడ్డు గారూ, నేను నర్సును. పద్నాలుగేళ్ళుగా ఎక్కువగా రాత్రి డ్యూటీలే. మీరు రాసిన ఒక వాక్యం నన్ను వదలడం లేదు, అందుకే విరామంలో రాస్తున్నాను.

మీ నాన్నగారి గొంతులో విన్న ఆ శబ్దం గురించి. చివరి గంటల్లో మింగే శక్తి, దగ్గే శక్తి తగ్గిపోతాయి. గొంతులో ఊరిన తేమ అక్కడే నిలిచిపోతుంది. ఊపిరి దాని మీదుగా వెళ్ళి వచ్చేటప్పుడు ఆ గుర్రు వస్తుంది. అప్పటికి మనిషి సాధారణంగా స్పృహలో ఉండరు. ఉక్కిరిబిక్కిరి అవుతున్నారని మనం అనుకుంటాం కానీ, వాళ్ళకు అది తెలియదు. ఆ బాధ మంచం పక్కన కూర్చున్నవాళ్ళదే. ఎన్నో కుటుంబాలకు ఈ మాట చెప్పాను. మీకు ఆ రాత్రి ఎవరూ చెప్పలేదేమోనని ఇప్పుడు చెబుతున్నాను. ఆయన బాధపడుతూ పోలేదమ్మా. మీరు పక్కనే ఉండి అంతా విన్నారు, అది చిన్న సేవ కాదు.

ఇంకో మాట. నాన్నగారు పోయి మూడు నెలలు కావస్తోంది కదా. నిద్ర పడుతోందా? తింటున్నారా? ఇంటి పనులు చేసుకోగలుగుతున్నారా? రోజంతా బరువుగా ఉండి, బతకడం ఎందుకనిపిస్తుంటే మాత్రం సాధనతోనే నెగ్గుకురావాలని చూడకండి. వైద్యుణ్ణి కలవండి. టెలి మానస్ అని ప్రభుత్వ ఫోను సేవ ఉంది, 14416. ఏ వేళైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కరలేదు. ఇది చదివే మిగతావాళ్ళకు కూడా చెబుతున్నాను: శిబిరం దరఖాస్తులో మానసిక ఆరోగ్యం గురించి అడిగేది ఊరికే కాదు. దాచిపెట్టి వెళ్ళకండి. వాడుతున్న మందులు మీ అంతట మీరు ఆపకండి. నాకు తెలిసిన ఒకమ్మాయి అలా ఆపి చాలా కష్టాలు పడింది.

బుద్ధుడి కథల్లో నాకు అన్నిటికంటే దగ్గరైనది విరేచనాల జబ్బుతో పడి ఉన్న భిక్షువు కథ. తన మలమూత్రాల్లోనే పడి ఉంటాడు. ఎవరూ పట్టించుకోరు. బుద్ధుడు నీళ్ళు పోస్తే ఆనందుడు ఒళ్ళు కడుగుతాడు. ఇద్దరూ చెరోవైపు పట్టి మంచం మీద పడుకోబెడతారు. తరువాత భిక్షువులను పిలిచి, మిమ్మల్ని చూడటానికి ఇక్కడ తల్లి లేదు, తండ్రి లేడు, ఒకరినొకరు చూసుకోకపోతే ఎవరు చూస్తారు అంటాడు. దుప్పట్లు మార్చే ప్రతి రాత్రీ ఈ కథ నాతోనే ఉంటుంది.


కృష్ణ ఒడ్డు (విజయవాడ)
బుధవారం, ఉదయం 11:10

నర్సమ్మ గారూ, మీరు రాసింది చదివి వంటింట్లో కింద కూర్చుని ఏడ్చాను. నాన్న పోయాక అంతలా ఏడవడం ఇదే. నాకు ఎవరూ చెప్పలేదు. మూడు నెలలుగా ఆయన ఊపిరాడక నన్ను పిలిచారని, నాకు అర్థం కాలేదని అనుకుంటున్నాను.

నిద్ర పడుతోంది, తింటున్నాను. ఆ నంబరు రాసి పెట్టుకున్నాను. మిగతా అందరి మాటలూ రెండేసి సార్లు చదివాను. జవాబులు తరువాత రాస్తాను.


దూరదేశం (కాలిఫోర్నియా)
బుధవారం, రాత్రి 11:45

మా అమ్మ తెనాలిలో పోయినప్పుడు నేను ఇక్కడ ఉన్నాను. టికెట్ దొరికి వెళ్ళేసరికి అన్నీ అయిపోయాయి. కాబట్టి చివరి రాత్రి పక్కన ఉన్న మీ బాధ వేరు, లేని నా బాధ వేరు. అయినా రాయాలనిపించింది.

మాకు ఉత్తరాన రెడ్‌వుడ్ వ్యాలీలో అభయగిరి అని అరణ్య సంప్రదాయ విహారం ఉంది, 1996లో మొదలైంది. అక్కడి భిక్షువులు ఎవరైనా చేతికి అందిస్తేనే తింటారు, మధ్యాహ్నం దాటాక తినరు. అందుకని గృహస్థులు వంతులవారీగా వండి తీసుకెళ్తారు. మొదటిసారి పులిహోర చేసుకుని వెళ్ళాను. వరసలో నా ముందు ఒక శ్రీలంక పెద్దావిడ. నా గిన్నెలోకి చూసి, కరివేపాకు ఒకటి వేలితో పైకి తీసి, "మేము దీన్ని కరపించ అంటాం" అంది. అలా మొదలైంది మా స్నేహం.

అమ్మ పోయాక నేను ఊరు నుంచి తిరిగి వచ్చానని తెలిసి, ఆవిడ మరుసటి ఆదివారం నన్ను వాళ్ళ విహారానికి తీసుకెళ్ళింది. భిక్షువులకు దానం అయ్యాక ఒక చిన్న కూజా, ఒక గిన్నె నా ముందు పెట్టారు. వాళ్ళు పాళీలో చదువుతుంటే నేను కూజాలోని నీళ్ళు సన్నటి ధారగా గిన్నెలోకి వంచాలి. నదులు నిండి సముద్రాన్ని నింపినట్టు, ఇక్కడ ఇచ్చింది వెళ్ళిపోయినవారికి చేరుగాక అని ఆ గాథల అర్థం. చేయి వణికింది. ఆవిడ నా మోచేతి కింద చేయి పెట్టింది. వెనక ఆవిడ కూతురు, అల్లుడు, మనవలు, నాకు ముక్కూమొహం తెలియని ఇంకో ముప్పై మంది, ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసి నా దాకా కలిపారు. గిన్నె నిండి పొర్లే వరకు పోశాను. మా ఊళ్ళో తర్పణం వదలలేకపోయిన నాకు ఆ గిన్నెలో అమ్మ దొరికింది.

బాటసారి గారూ, ఒంటరిగా నేను ఇది చేయగలిగేదాన్ని కాదు. మోచేయి నిలిచేది కాదు.


బట్టల కొట్టు (తెనాలి)
గురువారం, రాత్రి 10:20

నేను ధ్యానం గురించి చెప్పేంతవాణ్ణి కాదు. మొహం చెల్లకపోవడం గురించి మాత్రం తెలుసు.

నాది చీరల దుకాణం. పంచశీలాల్లో నాలుగోది, అబద్ధం ఆడకూడదన్నది, నా గొంతుకు అడ్డం పడింది. "కొన్న ధర కూడా రాదమ్మా, మీరని ఇస్తున్నాను" అన్న మాట రోజుకు ఇరవైసార్లు అనకుండా మా బజార్లో ఎవరూ వ్యాపారం చేయరు. శిబిరం నుంచి వచ్చిన మర్నాడే, బోణీ బేరానికే, ఆ మాట నోట్లోంచి వచ్చేసింది. ఆ ఆదివారం బృందానికి వెళ్ళలేదు. తర్వాతి ఆదివారమూ వెళ్ళలేదు. శీలం లేకుండా ధ్యానం ఏమిటని.

చివరికి ఒకరోజు వెళ్ళి, కూర్చోవడం అయ్యాక చెప్పేశాను. మా బృందంలో ఒక లెక్కల టీచరు గారు ఉన్నారు. ఆవిడ అన్నారు: "ముసావాదా వేరమణీ సిక్ఖాపదం సమాదియామి అంటాం కదా. సిక్ఖాపదం అంటే నేర్చుకునే మెట్టు. అందరికీ వచ్చేసి ఉంటే ప్రతిసారీ మళ్ళీ ఎందుకు తీసుకుంటాం?" తరువాత అందరూ కలిసి నా వ్యాపారం గురించి గంట మాట్లాడారు. బేరం మానేసి చీటీ ధర పెట్టమన్నారు. నాకు నమ్మకం లేదు. అయినా ప్రతి చీరకు చీటీ కట్టాను. ఎవరైనా తగ్గించమంటే, "ఇందులో నాకు ఇంత మిగులుతుందమ్మా, అది కావాలి" అని నిజం చెప్పడం మొదలుపెట్టాను. మొదటి రెండు నెలలు గల్లాపెట్టె చూస్తే భయం వేసింది. ఆ దసరాకు బృందంలోని ఐదు ఇళ్ళవాళ్ళు మా దుకాణంలోనే కొన్నారు, ఒక్కరూ ధర అడగలేదు. ఇప్పుడు వచ్చేవాళ్ళు తక్కువే, కానీ వచ్చినవాళ్ళే మళ్ళీ వస్తున్నారు. మరీ అమ్మకాలు లేని రోజున పాత మాట ఇప్పటికీ నాలుక చివరి దాకా వస్తుంది. రెండుసార్లు జారింది కూడా. ఆదివారం వెళ్ళి చెబుతాను.

అందుకని అమ్మా, మానేశానని చెప్పడానికే వెళ్ళండి.


ఒంటరి బాటసారి (బెంగళూరు)
శుక్రవారం, ఉదయం 7:40

అందరి మాటలూ చదివాను. నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. బృందాలు మనిషిని తూచడం మొదలుపెట్టే రోజు వస్తుంది. ఆ రోజును కనిపెట్టుకుని ఉండండి. కానీ లైన్‌మన్ గారి గురించి నిన్న రాత్రంతా ఆలోచించాను. ఆయన ఎవరినీ తూచలేదు. నేను వదిలి వచ్చిన చోట అలాంటివారు ఒక్కరున్నా నేను అక్కడే ఉండేవాణ్ణేమో.

సోదరీ, కటువుగా రాసినందుకు మరోసారి మన్నించండి.


పాత సాధకుడు (హైదరాబాద్)
శుక్రవారం, రాత్రి 9:05

బాటసారి గారు హెచ్చరించింది సరైనదే. కలిసి ఉండటం ఎలాగో బుద్ధుడి కాలంలోనే ఒక నమూనా ఉంది. అనురుద్ధుడు, నందియుడు, కిమ్బిలుడు అనే ముగ్గురు భిక్షువులు గోసింగ వనంలో ఉండేవారు. పాలూ నీళ్ళలా కలిసి ఉంటున్నారా అని బుద్ధుడు అడుగుతాడు. మన తెలుగులో ఉన్న మాటే, చూడండి. అవునంటే, ఎలాగో చెప్పమంటాడు.

వాళ్ళు చెప్పినవన్నీ చిన్న చిన్న పనులు. భిక్ష నుంచి ముందు వచ్చినవాడు ఆసనాలు పరిచి, తాగే నీళ్ళు, కాళ్ళు కడిగే నీళ్ళు పెడతాడు. ఆఖరున వచ్చినవాడు మిగిలింది తిని, అన్నీ సర్ది, ఊడుస్తాడు. కుండ ఖాళీగా ఉందని ఎవరు చూస్తే వాళ్ళే నింపుతారు. ఒక్కడివల్ల కాకపోతే సైగ చేసి ఇంకొకణ్ణి పిలుస్తాడు, ఇద్దరూ చేతులు కలిపి ఎత్తుతారు, దానికోసం మౌనం భంగం చేయరు. ఐదు రోజులకొకసారి రాత్రంతా కూర్చుని ధమ్మం గురించి మాట్లాడుకుంటారు. నా మనసును పక్కన పెట్టి వీళ్ళ మనసును బట్టి నడుచుకుంటాను అని ముగ్గురూ ఎవరికి వారే చెబుతారు.

అందులో నీ సాధన ఎంతవరకు వచ్చిందని ఒకరినొకరు అడగడం ఎక్కడా లేదు. కుండ మాత్రం ఖాళీగా ఉండదు. మా బృందంలో శిబిరాల లెక్కలు వినిపించినప్పుడల్లా నేను ఇది చదివి వినిపిస్తాను.


కృష్ణ ఒడ్డు (విజయవాడ)
ఆదివారం, మధ్యాహ్నం 12:30

ఈరోజు వెళ్ళాను.

మెట్లెక్కేటప్పటికి గుమ్మం దగ్గర పదకొండు జతల చెప్పులున్నాయి. లెక్కపెట్టాను, ఎందుకంటే వెనక్కి వెళ్ళిపోదామా అని అక్కడే నిలబడిపోయాను. లోపల అప్పటికే కళ్ళు మూసుకున్నారు. తలుపు పక్కన కూర్చున్న పెద్దావిడ కళ్ళు తెరవకుండానే తన చాపను జానెడు పక్కకు జరిపారు. ఆ జానెడు చోటులో కూర్చున్నాను.

అరచేతుల మీదే ధ్యాస పెట్టాను. బాగానే ఉంది. కొంతసేపయ్యాక నా వెనక ఒకాయన ఊపిరి వినిపించింది. ఉబ్బసం ఉన్నట్టుంది, ప్రతి శ్వాసకూ సన్నగా పిల్లికూత. నాన్న గుర్తొచ్చారు. గుండె దడదడలాడింది, లేవబోయాను. అప్పుడు నర్సమ్మ గారి మాట తలుచుకున్నాను. లేవలేదు. ఆ శబ్దాన్నే వింటూ కూర్చున్నాను. లోపలికి వెళ్ళేటప్పుడు ఒకలా, బయటికి వచ్చేటప్పుడు ఒకలా. కొంతసేపటికి అది ఆ గదిలో ఉన్న ఒక మనిషి ఊపిరి మాత్రమే. నా శ్వాస దానికి వేరుగా, దాని పక్కనే, నడుస్తోంది. గంట మొత్తం కూర్చోలేకపోయాను, మధ్యలో రెండుసార్లు కళ్ళు తెరిచాను. కానీ లేవలేదు.

మంగళ మైత్రి అయ్యాక మజ్జిగ ఇచ్చారు. మానేశానని చెప్పాను, నాన్న సంగతి చెప్పాను. ఉబ్బసం ఆయన చెల్లెలు కరోనాలో పోయిందట, ఏడాదిపాటు తానూ రాలేదన్నారు. చాప జరిపిన పెద్దావిడ నా గ్లాసు తీసుకుని, "వచ్చే ఆదివారం చాపలు పరిచే వంతు నీది, పావుగంట ముందు రా" అన్నారు.


రాత్రి డ్యూటీ (విశాఖపట్నం)
ఆదివారం, రాత్రి 7:15

డ్యూటీకి బయలుదేరుతూ చదివాను. ఈ రాత్రి వార్డులో ఉబ్బసం రోగి ఒకాయన ఉన్నారు. ఆయన పక్కన కాసేపు ఎక్కువ నిలబడతాను.


నీలి జెండా (ఆదిలాబాద్)
ఆదివారం, రాత్రి 8:00

అక్కా, ఈ ఉదయం వందనలో మీ నాన్నగారి కోసం రెండు నిమిషాలు మౌనం పాటించాం. జై భీమ్. పాత సాధకుడు గారూ, వైశాఖ పూర్ణిమకు మీకు మా ఇంట్లోనే బస. ఎండలు ఎక్కువగా ఉంటాయి, ఉదయం రైలుకే రండి.


కొల్లేటి పక్షి (ఏలూరు)
ఆదివారం, రాత్రి 10:55

నేను ఇప్పటిదాకా ఏ శిబిరమూ చేయలేదు. వారం రోజులుగా ఇది చదువుతున్నాను. మా ఆయన పోయి రెండేళ్ళు. వయసు అరవై మూడు, మోకాళ్ళు అరిగిపోయాయి, కింద కూర్చోలేను. నాలాంటివాళ్ళు రావచ్చా?


కృష్ణ ఒడ్డు (విజయవాడ)
ఆదివారం, రాత్రి 11:05

తప్పకుండా రావచ్చు పిన్నిగారూ. మీకు దగ్గరలోనే విజయరాయిలో ధమ్మ విజయ కేంద్రం ఉంది. అక్కడ పది రోజులకూ రుసుము ఉండదు, అంతకుముందు చేసినవాళ్ళు ఇచ్చిన దానంతోనే నడుస్తుంది. దరఖాస్తులో మోకాళ్ళ సంగతి రాయండి, కుర్చీ వేస్తారు. నింపడం కష్టమైతే ఇక్కడ చెప్పండి, నేను దగ్గరుండి నింపిస్తాను. ఏలూరు మాకు గంటన్నర దూరమే.